సముద్రము దాటు డేగ

ధ్యానమునకు: యోబు 39:26, సంఖ్యాకాండము 11:31-34, ద్వితీయోపదేశకాండము 22:6, 7.



యోబు బూడిదలో కూర్చుండి, తనకీ శ్రమ యెందుకు కలిగెనని దేవుని అడిగెను. పిల్లలు పోయిరి, మందలు పోయినవి, ఒడలంతయు పుండ్లు. అతడును అతని స్నేహితులును చాలసేపు వాదించుకొనిన పిమ్మట దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడెను. ఆ ప్రత్యుత్తరము చదువువారికి మొదట వింతగా తోచును. యోబు పిల్లలను గూర్చి గాని అతని పుండ్లను గూర్చి గాని అందులో ఒక్కమాటయైన లేదు. సముద్రమునకు తలుపులు పెట్టినదెవరు? దాని అడుగున నీవు ఎన్నడైన నడిచితివా? కొండమేకలు ఈను కాలము నీకు తెలియునా? డేగ రెక్కలు విప్పి దక్షిణమునకు ప్రయాణము కట్టుట నీవు నేర్పిన విద్యయేనా? ఇట్లు ప్రశ్న వెంబడి ప్రశ్న వచ్చును. బాధలోనున్న మనుష్యునికి పక్షుల సంగతి చెప్పుటేమని కొందరు అడుగుదురు. తన కంటికి కనబడని దూరములందు దేవుని కాపుదల ఎట్లు జరుగుచున్నదో యోబు చూడవలసియుండెను. అది చూచినవాడు తన యింటిమీద కూడ ఆ కాపుదల యున్నదని నమ్మగలడు. ఆ వాక్యములను మేము ఇట్లు గ్రహించుచున్నాము.

యోబు నివసించిన ఆ తూర్పు దేశములమీదుగా ప్రతి సంవత్సరము చలికాలమునకు ముందు డేగలు, గ్రద్దలు, కొంగలు గుంపులు గుంపులుగా ఆఫ్రికాకు పోవును. నేటికిని అట్లే పోవుచున్నవి. యిర్మీయా ప్రవక్తయు వాటిని చూచినవాడే. కొంగకును గువ్వకును తాము రావలసిన కాలము తెలిసియున్నది గాని దేవుని జనులకు ఆయన విధి తెలియలేదని ఆయన 8వ అధ్యాయమున దుఃఖించెను.

ఆ డేగలలో ఒకదాని ప్రయాణము మన తెలుగు దేశముతోను, మనవంటి సంఘములతోను సంబంధము గలది గనుక దానిని కొంత వివరముగా చెప్పెదము. దాని పేరు అమూరు డేగ. పావురముకంటె చిన్నది, బరువు నూటయేబది గ్రాములు దాటి కొంచెము. మగదానికి బూడిదరంగు ఈకలు, ఎఱ్ఱని కాళ్లు. సైబీరియాకు ఆగ్నేయమున, చీనా దేశపు ఉత్తర భాగమున అమూరు నది పారు ప్రాంతములలో ఇది గూడు కట్టి పిల్లలను పెంచును. అక్కడ మంచు పడకముందే బయలుదేరి, హిమాలయములకు తూర్పుగా దిగి, అక్టోబరు నెలలో మన దేశపు ఈశాన్య రాష్ట్రములైన నాగాలాండు, మణిపూరు, అస్సాములకు వచ్చును. అక్కడ కొన్ని దినములు బస. ఆ ఋతువులో అక్కడ నేలనుండి ఉసిళ్లు లేచును. తొలకరి వానకు మన పుట్టలనుండి లేచునే, అవే. డేగలు వాటిని తిని క్రొవ్వు పట్టును. ఆ క్రొవ్వే వాటికి దారిబత్తెము.

తరువాత ఏమి జరుగునో వినుడి. నవంబరు నెలలో గాలి అనుకూలమైన దినమున అవి లేచి, భారతదేశమును అడ్డముగా దాటి, అరేబియా సముద్రముమీదికి పోవును. ఆ సముద్రము సుమారు మూడువేల కిలోమీటర్లు. దిగుటకు కొమ్మ లేదు, త్రాగుటకు మంచినీరు లేదు. ఇది నీటిపై తేలు పక్షి కాదు. అలసి దిగినచో మునుగును. రాత్రింబగళ్లు రెక్కలాడించి సోమాలియా తీరము చేరును. అక్కడనుండి దక్షిణాఫ్రికా ప్రాంతములకు పోయి పచ్చిక బయళ్లలో చలికాలము గడిపి, ఏప్రిలు మే నెలలలో మరల తిరుగును. పోయి వచ్చు దారి మొత్తము ఏటికి ఇరువదివేల కిలోమీటర్లకు పైమాటే. 2013 నవంబరులో శాస్త్రజ్ఞులు మూడు పక్షుల వీపులకు చిన్న యంత్రములు కట్టి ఉపగ్రహము ద్వారా వాటి జాడ కనిపెట్టిరి. అట్లు జాడ తీసిన పక్షులలో కొన్ని ఆంధ్ర తెలంగాణ ప్రాంతములమీదుగా సాగినవి. మనము వరికోతలకు కొడవళ్లు నూరుకొను దినములలో అవి మన తలలమీదుగా ఎత్తున పోవుచుండగా మనలో ఎవ్వరమును ఎరుగము.

ఈ కాలమందే తూనీగలు కూడ గుంపులుగా మన దేశమునుండి సముద్రము దాటి మాల్దీవు ద్వీపములమీదుగా ఆఫ్రికా వైపు పోవునని 2009లో ఒక పరిశోధకుడు వ్రాసెను. సముద్రముమీద డేగలకు ఆ తూనీగలే ఆహారమగునేమోయని పండితులు తలంచుచున్నారు. ఏలీయాకు కాకులచేత ఆహారము పంపిన దేవునికి డేగకు తూనీగను పంపుట కష్టమా?

ఇక మనస్సు నొప్పించు సంగతి చెప్పవలెను. నాగాలాండులో వోఖా అను జిల్లా కలదు. అక్కడ దోయాంగు నదిమీద ఆనకట్ట కట్టిరి, 2000 సంవత్సరమున అక్కడి విద్యుత్తు కేంద్రము పని మొదలిడెను. నీరు నిలిచినచోట పొలములు మునిగినవి. పొలము పోయిన కుటుంబములలో కొందరు వలలు కొని చేపలు పట్టనారంభించిరి. ఆ జలాశయపు ఒడ్డుననే డేగలు లక్షలకొలదిగా రాత్రి నిద్రకు వాలును. 2012 అక్టోబరులో అక్కడికి పోయి చూచినవారు చెప్పిన దేమనగా, చేపల వలలనే చెట్లనడుమ ఎత్తుగా తెరలవలె కట్టి, చీకటిలో వాలవచ్చిన పక్షులను వేలకొలది పట్టుచుండిరి. దినమునకు పండ్రెండు వేలనుండి పదునాలుగు వేల వరకు చంపబడుచున్నవని వారి అంచనా. కొన్నిటిని సజీవముగా గుత్తులు కట్టి అమ్మిరి, కొన్నిటిని ఈకలు పెరికి పొగబెట్టి ఎండించిరి. ఆ చిత్రములు దేశమంతట చూపబడెను.

ఆ వేటగాండ్రు ఎవరు? ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. వారు మన సహోదరులే. వారిలో అధిక సంఖ్యాకులు బాప్తిస్టు సంఘములకు చెందినవారు. 1872లో నాగా కొండలలో సువార్త పని మొదలుపెట్టిన అమెరికను బాప్తిస్టు మిషనే మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలోను పనిచేసినది. మనకు వారికి ఒకటే వంశావళి యనవచ్చును. ఆదివారము గుడికి పోవువారు, దశమభాగము ఇచ్చువారు, పొలము పోగొట్టుకొని పిల్లల బడిజీతమునకు వెదకుకొనువారు. ఆకాశమునుండి కూర వచ్చి తమ చెట్లమీద వాలగా, దేవుడిచ్చినదే గదా యని పట్టుకొనుట ఎంత సహజము! వారిని దూషించుటకు మేమిది వ్రాయుట లేదు.

అయితే లేఖనము ఈ సంగతిని మనకంటె ముందుగా ఎరిగియున్నది. ఇశ్రాయేలీయులకు దేవుడు పూరేళ్లను రెండుసార్లు ఇచ్చెను. పూరేడు కూడ సముద్రము దాటి వచ్చు వలస పక్షియే. అది గాలికి అలసి సీనాయి ఎడారిలో నేలబారుగా వాలుట నేటికిని చూడవచ్చును. మొదటిసారి, నిర్గమకాండము 16వ అధ్యాయమున, జనులు ఆకలిగొనియుండిరి. సాయంకాలమున పూరేళ్లు వచ్చెను, తినిరి, ఎవరికిని ఏ కీడును కలుగలేదు. రెండవసారి, సంఖ్యాకాండము 11వ అధ్యాయమున, మన్నా చేతిలో ఉండగనే మాంసము కావలెనని ఏడ్చిరి. గాలి సముద్రమునుండి పూరేళ్లను తెచ్చి పాళెముచుట్టు పడవేసెను. జనులు ఆ పగలంతయు, ఆ రాత్రియంతయు, మరునాడంతయు నిద్రమాని కూర్చిరి. తక్కువ కూర్చినవాడు సహితము కుప్పలుగా కూర్చెను. పాళెముచుట్టు ఎండబెట్టిరి. మాంసము ఇంకను పండ్లసందుననే యుండగా తెగులు వచ్చెను. ఆ స్థలమునకు కిబ్రోతుహత్తావా అని పేరు వచ్చెను. ఆశపడినవారిని పాతిపెట్టిన చోటని దాని అర్థము.

రెండు చోట్లను పక్షి ఒకటే, వండిన కుండ ఒకటే. ఆకలికి ఒకటి రెండు పట్టుకొనినవాని మీద దేవుడు కోపపడినట్లు వ్రాయబడలేదు. రాత్రియంతయు మేల్కొని కుప్పలు వేసినవాని మీద కోపము వచ్చెను. దోయాంగు ఒడ్డున వలలు కట్టిన రాత్రులను గూర్చి చదువునప్పుడు మాకు ఈ అధ్యాయమే మనస్సునకు వచ్చెను.

ఆ మరుసటి యేడు, అనగా 2013లో, ఆ జలాశయము దగ్గరనున్న పాంగ్టి మొదలైన గ్రామముల పెద్దలు సభ కూడి వేట మానవలెనని తీర్మానము చేసికొనిరి. అడవిశాఖవారు, పక్షులను ప్రేమించువారు వారియొద్దకు పోయి మాటలాడిరి. గుడులలో బోధ జరిగెను, బడిపిల్లలకు పక్షుల సంగతి నేర్పిరి. పూర్వము వల కట్టినవారే కొందరు రాత్రి కావలి కాసిరి. ఆ సంవత్సరము అక్కడ డేగల వేట నిలిచిపోయెను! యంత్రములు కట్టిన మూడు పక్షులకు నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టిరి. ఒక సంవత్సరము క్రితము ఏ ఊరు వలలు పన్నెనో ఆ ఊరి పేరు మోసికొని పక్షి సముద్రము దాటెను. మారుమనస్సు నొందినవానికి క్రొత్త పేరు పెట్టుట మనకు తెలియును గదా. ఇక్కడ ఊరి పాత పేరే క్రొత్తదాయెను.

వారు మానుకొనుట సుళువుగా జరిగినదని తలంపవద్దు. ఆ నెలలో వచ్చు రాబడి పోయెను. తరువాత డేగలను చూచుటకు వచ్చు యాత్రికులవలన కొందరికి కొంత లాభము కలిగెను గాని, పోయిన పొలము తిరిగి రాలేదు. బీదవానిని పిట్ట పట్టవద్దని చెప్పు సంఘము అతని కుండలో ఏమున్నదో కూడ చూడవలెను. మందిరములో బోధించి, విందులో కౌజు మాంసము వడ్డించుమని అడుగు పెద్దమనుష్యులు ఈ విషయమున నోరు తెరువకుండుటయే మేలు.

ఇప్పుడు మన ఊళ్లకు వత్తము. మన చెరువులకు వచ్చు కొంగలన్నిటిని మనము సైబీరియా కొంగలనుట అలవాటు. నిజము విచారించగా శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునను, రాయలసీమలోని వీరాపురమునను చింతచెట్లమీద, తుమ్మచెట్లమీద గూళ్లు కట్టు ఎఱ్ఱకాళ్ల కొంగలు, గూడబాతులు మన దేశపు పక్షులే. గూడు కట్టుటకు ఒకచోటనుండి మరియొకచోటికి వచ్చును. ఉత్తర దేశములనుండి వచ్చునవి వేరు. తలమీద రెండు నల్లని చారలు గల పెద్దబాతు హిమాలయములు దాటి వచ్చును. నానావిధములైన బాతులు, బురదలో ముక్కులు గ్రుచ్చు ఉల్లంకులు కొల్లేటికిని, పులికాటుకును, చిన్న చెరువులకును చేరును. పేరు ఏదైనను మన ఊరి చెరువు వాటికి సత్రము.

నెల్లూరు సీమలోని నేలపట్టు చెరువులో నీటనిలిచిన చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టును. 1976లో ఆ చోటు పక్షుల కేంద్రముగా ప్రకటింపబడెను. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువునీరు పొలమునకు ఎరువేయని అక్కడి రైతులు ఎప్పటినుండియో చెప్పుదురు. తేలినీలాపురమువారు ఆ పక్షులు వచ్చిన యేడు పంటలు బాగుండునని నమ్మి వాటిని ఆడపడుచులవలె చూచుకొందురు. తమిళ దేశమున శివగంగ జిల్లాలో ఒక చెరువు చుట్టునున్న గ్రామస్థులు, పక్షులు బెదరునని దీపావళికి టపాకాయలు కాల్చరు. వీరిలో అనేకులకు మన లేఖనములు తెలియవు. గూటిలోని తల్లిపక్షిని పట్టవద్దు, విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము చెప్పిన సంగతి వారు వినియుండరు. వినకయే దానిని నెరవేర్చుచున్నారు. క్రిస్మసు రాత్రి గుడి ఎదుటి చెట్టుమీద కొంగలు గుడ్లు పొదుగుచుండగా దాని క్రిందనే బాంబులు కాల్చు యౌవనస్థులు ఈ సంగతి ఆలోచింపవలెను.

ఆ ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ చాల చిన్నది. త్రోవలో నడుచువానికి గూడు కనబడెను, తల్లి గుడ్లమీద ఉన్నది. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని తప్పక విడిచిపెట్టవలెను. అట్లు చేసినవానికి మేలు కలుగుననియు, దీర్ఘాయుష్మంతుడగుననియు వాగ్దానము. తలిదండ్రులను సన్మానించువానికి ఇచ్చిన వాగ్దానమే ఇది! ఇంత చిన్న పనికి అంత పెద్ద ప్రతిఫలమేల? రైతు బిడ్డలు దీనిని వెంటనే గ్రహింతురు. ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలు వండుకొననివాడే రైతు. తల్లి పోయినచో రానున్న యేటి గూడు పోవును. దేవుడు తినవద్దనలేదు. రేపటిదానిని తినవద్దనెను.

కొందరు విశ్వాసులు ఒక ప్రశ్న వేయుదురు. మీరు అనేకమైన పిచ్చుకలకంటె శ్రేష్ఠులని ప్రభువే చెప్పెను గదా, పిట్టల సంగతి మనకెందుకు, ఆత్మల సంగతి చూచుకొందము అని. ఆ మాటను మరియొకసారి చదువుడి. మత్తయి సువార్తలో కాసునకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు. లెక్కప్రకారము నాలుగే రావలెను. ఐదవది కొసరు. సంతలో బేరమాడినవానికి అంగడివాడు ఊరకే వేసిన పిట్ట అది. దానికి వెల కూడ లేదు. ఆ కొసరు పిట్టను సహితము దేవుడు మరువడని యేసు చెప్పెను. ఆ మాట నిజమైనప్పుడే మనము శ్రేష్ఠులమను మాటకు బలము కలుగును. పిచ్చుక దేవుని దృష్టికి ఏమియు కానిచో, ఏమియు కానిదానికంటె శ్రేష్ఠులమనిపించుకొనుటలో ఆదరణ యెక్కడిది? పిచ్చుకను తక్కువచేయువాడు తనకు ప్రభువిచ్చిన ఓదార్పునే తక్కువచేసికొనుచున్నాడు.

ఇక సముద్రము. ఆదికాండములో నీటి జంతువులును ఆకాశ పక్షులును ఒకే దినమున, ఐదవ దినమున, పుట్టినవి. మొట్టమొదటి ఆశీర్వాదము వాటికే దొరికెను. నరునికి ఆశీర్వాదము ఆరవ దినమున వచ్చెను. ఫలించి సముద్రమును నింపుడని దేవుడు చెప్పిన ఆ మాట నేటివరకు రద్దు కాలేదు. హోషేయ ప్రవక్త 4వ అధ్యాయమున, దేశములో సత్యమును కనికరమును లేనందున పక్షులును సముద్ర మత్స్యములును గతించిపోవుచున్నవని చెప్పెను. దొంగతనము, అబద్ధము, నరహత్య ఇవి యొకవైపు. చేపలు తరుగుట మరియొకవైపు. ప్రవక్త రెంటిని ఒకే వాక్యపు త్రాటితో కట్టెను.

సముద్రము దూరముననున్నది, మాది మెట్ట ఊరు, మాకేమి సంబంధమని కొందరనవచ్చును. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో పడును. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతమునకు పోవును. ఎక్కడో మెరకన వంతెనమీదనుండి ఏటిలో పారవేసిన సంచి, వరదకు కొట్టుకొని పోయి పడవవాని వలకు తగులును. పొలములో మోతాదు మించి కొట్టిన పురుగుమందు వాననీటితో అదే దారిని పోవును. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడెను, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరెను. పట్టికలో పేరుండుట మంచిదే, కాని నీరు ఎట్లున్నదో బాతులకే తెలియును.

పసిఫిక్ మహాసముద్రపు నడిమధ్యన మిడ్వే యను చిన్న ద్వీపములు కలవు. ఆల్బట్రాసు అను గొప్ప సముద్రపక్షులు అక్కడ పిల్లలను పెంచును. ఆ తల్లి నీటిమీద తేలు వస్తువులను ముక్కుతో ఏరుకొనును, ఏలయనగా ఎగిరెడు చేపలు తేలు కట్టెపుల్లలకు గుడ్లు అంటించును. ఇప్పుడు తేలునవి కట్టెపుల్లలు మాత్రమే కావు. సీసా మూతలు, దువ్వెనలు, ప్లాస్టిక్కు ముక్కలు. తల్లి వాటిని దూరమునుండి కడుపున మోసికొని వచ్చి ప్రేమతో బిడ్డ నోట పెట్టును. చచ్చిన పిల్లల పొట్టలలో ఆ మూతలు కుప్పగా కనబడినవి. బిడ్డ రొట్టె అడిగినచో రాయి ఇచ్చు తండ్రి ఎవడని ప్రభువడిగెను. ఆ తల్లి రొట్టెయనుకొనియే ఇచ్చినది. రాతిని అక్కడ పెట్టినవారు వేరు. మన పాపములను సముద్రపు అగాధములో పడవేయుట దేవుని పని యని మీకా చెప్పెను. చెత్తను కూడ అందులోనే పడవేయుమని ఎవరికిని సెలవీయలేదు.

మన తీరమున మరియొక యాత్రికుడు కలడు. జనవరినుండి మార్చి వరకు శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు ఇసుకలో గుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేలు. అది నీటిలో నివసించునను మాటే గాని గాలి పీల్చుటకు పైకి రావలెను. మరపడవలు ఈడ్చు వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక చచ్చును. వలలో దానికి తప్పించుకొను ద్వారము అమర్చు విధానము కలదు. కొంత చేప కూడ దానిగుండా పోవునని పడవవారికి సందేహము. ఆ సందేహమును ఎగతాళి చేయుట తగదు. రాత్రియంతయు ప్రయాసపడియు ఏమియు దొరకని దినములుండునని పేతురు కూడ చెప్పెను.

తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయుదురు. చేపలు గుడ్లు పెట్టు కాలమది. ప్రభుత్వమువారు కొంత భృతి ఇచ్చుచున్నను ఆ రెండు మాసములు మత్స్యకారుల ఇండ్లలో ఇబ్బందియే. ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇయ్యవలెనని లేవీయకాండమున చదువుచున్నాము. ఇది సముద్రమునకు విశ్రాంతి. తల్లిపక్షిని విడువుమన్న ఆజ్ఞయే ఇక్కడ చేపకు వర్తించుచున్నది. ఆ దినములలో మెట్ట సంఘములవారు తీరపు సంఘములకు ఒక బస్తా బియ్యము పంపినచో, ఆ విశ్రాంతి ఆచరించువారికి ఆకలి తగ్గును. అపొస్తలుల కార్యములలో అంతియొకయ సంఘము యూదయవారికి పంపిన సహాయము ఇట్టిదే.

2022 అక్టోబరులో ఉల్లంకి జాతికి చెందిన ఒక పక్షి, ఐదు నెలల ప్రాయముది, అలాస్కాలో బయలుదేరి పదునొకండు దినములు ఎక్కడను దిగక 13,560 కిలోమీటర్లు పసిఫిక్ మహాసముద్రముమీద ఎగిరి టాస్మేనియా ద్వీపము చేరెను. దాని జాతిలో పెద్దవి ముందుగానే వెళ్లిపోవును, పిల్లలు వెనుక బయలుదేరును. ఎన్నడును చూడని దేశమునకు, ఎన్నడును పోని దారిని అది పోయెను. అబ్రాహాము తాను ఎక్కడికి వెళ్లవలెనో ఎరుగక బయలుదేరెనని హెబ్రీ పత్రికలో చదువుదుము. అతనికి మమ్రే దగ్గర తాను ఎరుగని బాటసారులు వచ్చిరి. అతడు వారి కాళ్లకు నీళ్లు ఇచ్చి చెట్టునీడను కూర్చుండబెట్టెను.

ఈ పక్షులను కాపాడు పని ఏ యొక్క గ్రామమునకును చేతకాదు. అమూరు ఒడ్డున గూడు చెడిపోకూడదు, దోయాంగు చెట్లమీద వల ఉండకూడదు, సముద్రముమీద తుపాను తప్పవలెను, ఆఫ్రికా బయళ్లలో మిడతలు విషము తిని ఉండకూడదు. ఒకచోట తప్పినను మిగిలినవారి దయ వ్యర్థమగును. ఒకరినొకరు ఎరుగని అనేక గ్రామములు ఒకే పక్షి ప్రాణమును చేతినుండి చేతికి అందించుచున్నవి. మన వంతు కొద్ది దినములే. ఒక పక్షికి ఒక రాత్రి, మరియొకదానికి మూడు నెలలు.

గనుక సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ మాసపు పెద్దల కూటమిలో, మన చెరువులో ఉచ్చులు పెట్టువారెవరు, గింజలకు మందు కలిపి చల్లువారెవరు, సంతలో ఆ పక్షులను కొనువారెవరని మెల్లగా విచారింపుడి. 1972 నాటి వన్యప్రాణుల చట్టముక్రింద అది నేరమే, అయినను పోలీసుల పేరు చెప్పి భయపెట్టుటకంటె ఆ కుటుంబమునకు నాలుగు కోళ్లు గాని ఒక మేక గాని సమకూర్చుట మేలు. కొనువారు విశ్వాసులైనచో వారితో మాత్రము కొంచెము గట్టిగానే మాటలాడవచ్చును. ఐదు వేలమందికి రొట్టెలు చేపలు పెట్టిన పిమ్మట ప్రభువు శిష్యులచేత మిగిలిన ముక్కలు గంపలకు ఎత్తించెను గదా. పడవలు గల సహోదరులు తెగిన వలముక్కలను నీటిలో విడువక ఒడ్డునకు తేవలెను. నీటిలో విడిచిన నైలాను వల యజమానుడు లేకుండ ఏండ్లకొలది వేటాడుచునే యుండును.

ఈ పత్రిక మీ చేతికి అందునప్పటికి డేగలు దోయాంగు విడిచియుండును. ఏప్రిలులో అవి ఆఫ్రికానుండి బయలుదేరి మరల ఆ సముద్రము దాటును. అప్పటికి మన తీరమున మరపడవలు ఒడ్డుకు లాగి, వలలు ఎండబెట్టి, చిరిగినచోట అల్లుకొనుచుందురు.